చెక్ మడి లేని పరిశోధన

మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ‘బహుశాస్త్రీయ’ అన్న మాట లేకుండా సెమినార్ బ్యానర్ కట్టరు. బ్యానర్ కింద జరిగేది మాత్రం పాత కథే. సైన్సు వాళ్లు వచ్చి సాహిత్యం మనసుకు హాయినిస్తుందని రెండు మాటలు చెప్పి వెళ్తారు. సాహిత్యం వాళ్లు లేచి విజ్ఞానానికి మానవీయ స్పర్శ కావాలంటారు. వ్యవసాయం వాళ్లని అసలు పిలవరు. పిలిచినా, రైతే దేశానికి వెన్నెముక అనిపించి శాలువా కప్పి పంపిస్తారు. భోజనాలయ్యాక ఎవరి భవనానికి వాళ్లు. ఈ మూడు భవనాల్లో జరిగేదాన్నీ పరిశోధన అనే ఒకే మాటతో పిలుస్తాం, ఒకే డిగ్రీ ఇస్తాం. కానీ ఈ మూడూ ఒకే పని అని మాత్రం మనలో ఎవరికీ నమ్మకం లేదు.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఈ మూడూ ఒకే పని. అసలు గీత సైన్సుకీ సాహిత్యానికీ మధ్య లేదు. ‘ఫలానాది కనబడితే నా మాట తప్పని ఒప్పుకుంటాను’ అని మొదటే చెప్పగలిగే పనికీ, చెప్పలేని పనికీ మధ్య ఉంది. వరి మడిలో పనిచేసేవాడు ఆ మాట చెప్పి తీరాలి, లేకపోతే అతని విత్తనం బయటికి రాదు. పద్యం ఎవరిదో తేల్చే మన సాహిత్య పరిశోధనలో ఆ మాట చెప్పే అలవాటే ఏర్పడలేదు. దానివల్ల నష్టపోయింది పండితులు కారు, కవులు. అందులోనూ పేరులేని కవులు.

లండన్‌కి ఉత్తరాన రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. 1843 నుంచీ అక్కడ గోధుమ వేసి, ఏ ఎరువుకి ఎంత పండిందో రాసిపెడుతూ వచ్చారు. ఆ దస్తరాల గుట్టని తేల్చడానికి 1919లో రొనాల్డ్ ఫిషర్ అనే లెక్కల మనిషిని పెట్టుకున్నారు. ఆయన పట్టుకున్న సమస్య మన ఊళ్లలో ఏ రైతుకైనా తెలిసిందే: ఒకే చేలో ఒక మూల పండినట్టు ఇంకో మూల పండదు. ఒకచోట చౌడు, ఇంకోచోట నీళ్లు నిలుస్తాయి. మరి కొత్త ఎరువు వేసిన చోట ఎక్కువ పండితే, అది ఎరువు గొప్పా, నేల గొప్పా? తేలాలంటే చేనుని చిన్న చిన్న మడులుగా విడగొట్టాలి. ఏ మడికి ఏది వెయ్యాలో మన ఇష్టానికి వదలకుండా చీట్లు తీసినట్టు తీయాలి. ఒక్కోదాన్నీ నాలుగైదు చోట్ల వెయ్యాలి. పోల్చి చూడటానికి పాతదాన్నే వేసిన మడి పక్కనే ఉంచాలి. ఫిషర్ ఈ పద్ధతిని 1925లోనూ 1935లోనూ రెండు పుస్తకాలుగా రాశాడు. ప్రపంచంలో ఇవాళ మందుల పరీక్ష దగ్గర్నుంచి విత్తనం పరీక్ష దాకా నడిచేది ఆ దారిలోనే.

ఆ పోలిక కోసం వేసే పాత రకాన్ని మన వరి పరిశోధన కేంద్రాల్లో చెక్ రకం అంటారు. 1982లో మార్టేరు నుంచి వచ్చిన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ; 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే మనం అన్నం వండుకునే సాంబ మసూరి. కోట్లమంది కంచంలోకి వచ్చిన రకాలివి. కొత్త వంగడం తెచ్చి ‘చూడండి, ఎంత బాగా పండిందో’ అంటే అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు. ‘దేనికంటే?’ అని అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్నని పట్టుకుని సాహిత్యం దాకా వెళ్దాం. దారి నేను వేసింది కాదు, రోథమ్‌స్టెడ్ వాళ్లే వేశారు.

అక్కడ సి. బి. విలియమ్స్ అనే పురుగుల శాస్త్రవేత్త ఉండేవాడు. రాత్రిపూట దీపం పెట్టి, దాని దగ్గర వచ్చి పడే పురుగుల్ని జాతులవారీగా లెక్కపెట్టడం ఆయన పని. ఆయన 1940లో ఒక వ్యాసం రాశాడు. పురుగుల మీద కాదు. చెస్టర్‌టన్, వెల్స్, బెర్నార్డ్ షా, ఈ ముగ్గురూ రాసే వాక్యాల పొడవు మీద! 1943లో ఆయనా, ఫిషరూ, మలయాలో సీతాకోకచిలుకలు పట్టిన కార్బెట్టూ కలిసి ఇంకో లెక్క వేశారు. కార్బెట్ వలలో ఒక్కసారే పడ్డ జాతులు 118, రెండుసార్లు పడ్డవి 74, మూడుసార్లు పడ్డవి 44. ఇలాంటి అంకెల వరస నుంచి, ఇంకా కంటబడని జాతుల గురించి ఏం చెప్పగలమన్నది ప్రశ్న. ముప్పై మూడేళ్ల తర్వాత ఎఫ్రన్, థిస్టెడ్ అనే ఇద్దరు అదే ప్రశ్నని షేక్‌స్పియర్ మీద వేశారు. ఆయన మొత్తం రచనల్లో 8,84,647 మాటలు. వాటిలో వేర్వేరు మాటలు 31,534. ఒక్కసారే వాడినవి 14,376. లెక్క దృష్టిలో వలలో ఒక్కసారి పడ్డ సీతాకోకచిలుకా, ఒక్కసారే వాడిన మాటా ఒకటే.

1985లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలోని ఒక రాతప్రతిలో షేక్‌స్పియర్ పేరుతో ఉన్న పద్యం ఒకటి వార్తల్లోకెక్కింది. 429 మాటలు. అది ఆయనదే అయితే, ముందు ఎక్కడా వాడని మాటలు అందులో సుమారు ఏడు ఉండాలని లెక్క చెప్పింది. తొమ్మిది ఉన్నాయి. ఎఫ్రన్, థిస్టెడ్ పేటెగిరేసి ‘ఇది షేక్‌స్పియర్‌దే’ అని ప్రకటించలేదు. ఆయనది కాదనడానికి ఈ లెక్కలో గట్టి ఆధారం దొరకలేదన్నారు. చాలామంది పండితులు వేరే కారణాలతో ఇప్పటికీ ఆ పద్యాన్ని ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా దేని గురించి తగాదా పడుతున్నారో ఇద్దరికీ తెలుసు. అది చిన్న లాభం కాదు.

‘ఇదంతా దొరల గోల, మనకెందుకు’ అనేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ఒక పేరు: కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి. ఆర్. రావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్న మనిషి. 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తీసుకున్నది ఫిషర్ దగ్గరే. అక్కడ మ్యూజియంలో ఆయనకి అప్పజెప్పిన పని సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలు. ఒక పుర్రె చేతికిచ్చి, ఇది ఏ జనసమూహానికి చెందిందో ఎంత నమ్మకంగా చెప్పగలవు అంటే ఏం చెయ్యాలన్నది ఆయన తేల్చిన సమస్యల్లో ఒకటి. పుర్రె తీసేసి అక్కడ పద్యం పెట్టండి. ప్రశ్న మారదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. 1989లో వచ్చిన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అనే పుస్తకంలో పంటల సంగతీ, రోగాల సంగతీ చెప్పిన చేత్తోనే షేక్‌స్పియర్ పద్యం సంగతీ, కర్తృత్వ వివాదాల సంగతీ చెప్పాడు. 2023లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది, అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ల వయసులో పోయాడు. పత్రికలన్నీ ‘తెలుగు తేజం’ అని రాశాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో ఒక సంస్థే ఉంది. ఆ ఆవరణలోనే తెలుగు శాఖా ఉంది. ఆ రెండు గుమ్మాల మధ్య తిరగాల్సిన ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో చూద్దాం.

క్రీడాభిరామం సంగతే తీసుకోండి. ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరిగే రూపకం. బజార్లు, పూటకూళ్లిల్లు, కోడిపందాలు, వేశ్యవాడ అన్నీ కళ్లకు కట్టే పుస్తకం. దాని కర్తగా మనకందిన పేరు వినుకొండ వల్లభరాయుడు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి మహాపండితుడు, ఇది శ్రీనాథుడిదే అన్నాడు. తోచినట్టు అనలేదు. శ్రీనాథుడి రచనల్లోని పద్యాలతో, పదబంధాలతో పోలికలు చూపించాడు. అటు కాదన్నవాళ్లూ గట్టివాళ్లే. వందేళ్లు కావస్తోంది. ఇవాళ్టికీ తెలుగు ఎం.ఏ. పరీక్షలో ఆ వివాదాన్ని ‘చర్చించండి’ అంటారు. విద్యార్థి ఇటు నాలుగు వాదనలు, అటు నాలుగు వాదనలు రాసి, ‘ఏది ఏమైనా ఇది ఆంధ్ర సారస్వతానికి అలంకారం’ అని ముగిస్తాడు. మార్కులు పడతాయి.

వేటూరి శ్రమ ముందు నేనెంత! ఆయన చదివిన తాళపత్రాల్లో పదో వంతు చదివినవాడు ఇవాళ దొరకడు. అయినా బాపట్ల ప్రశ్న ఇక్కడా అడగాల్సిందే: దేనికంటే? శ్రీనాథుడితో పోలికలు ఇరవై చూపించాం, సరే. అదే క్రీడాభిరామాన్ని ఆ కాలపు ఇంకో కవితో పోల్చితే ఎన్ని దొరుకుతాయి? శ్రీనాథుడిని ఆయనతో సంబంధమే లేని ఇంకో సమకాలికుడితో పోల్చితే ఎన్ని దొరుకుతాయి? అక్కడా పదిహేనో పద్దెనిమిదో దొరికితే ఈ ఇరవైకి అర్థం లేదు. ఆ కాలంలో అందరూ వాడే సొత్తే అది. అక్కడ రెండే దొరికితే వేటూరి గెలిచినట్టు. పోలికలు ఏరుకోవడం పరిశోధనలో సగం. పోలికలు ఉండకూడని చోట కూడా వెతకడం రెండో సగం. అదే చెక్ మడి. అది లేకుండా తేల్చిన కర్తృత్వం, ఒకే మడిలో ఒకే రకం వేసి ‘అద్భుతంగా పండింది’ అని చెప్పడం లాంటిదే. నిజంగానే అద్భుతంగా పండి ఉండొచ్చు. మనకి తెలిసే దారి మాత్రం లేదు.

ఇందులో ఏం మునిగిపోయింది అంటారా? మునిగింది వల్లభరాయుడు. ఈ వివాదాల్లో మాటల వెనక దాగే తర్కం ఒకటుంది: ‘ఇంత గొప్పగా ఉందే, ఇది మహాకవిది కాక ఇంకెవరిది?’ ఈ తర్కానికి ఓటమి ఉండదు. ఎందుకంటే చిన్న కవి బాగా రాసినప్పుడల్లా, ఆ బాగే అతను రాయలేదనడానికి సాక్ష్యం అయిపోతుంది. అలా బాగున్నవన్నీ పెద్ద ఖాతాలో జమ అవుతాయి, బాగాలేనివన్నీ ‘ప్రక్షిప్తాలు’ అవుతాయి. చాటుపద్యం ఏదన్నా రసవత్తరంగా ఉంటే శ్రీనాథుడిది, కొంటెగా ఉంటే తెనాలి రామకృష్ణుడిది. ఇంకెవరూ ఈ నేల మీద నవ్వలేదన్నమాట! వేమన విషయంలోనూ అంతే. బ్రౌను 1829లో ఒక సంపుటం, 1839లో అంతకంటే పెద్ద సంపుటం అచ్చు వేయించాడు. ఆ తర్వాత పద్యాలు వేలల్లోకి పెరిగాయి. ‘విశ్వదాభిరామ’ మకుటం తగిలించి ఎవరేం చెప్పినా వేమన నోట్లో పెట్టేశాం. ప్రాచీన ప్రతుల్ని వెతికి ఏవి పాతవో చూడటమంటే ఏమిటో ఎన్. గోపి తన పరిశోధనలో చేసి చూపించాడు. అలాంటి పని ఒకరు చేసినందుకు సంతోషించి మిగతావాళ్లం ఆగిపోయాం.

ఆడవాళ్ల సంగతికొస్తే ఈ తర్కం ఇంకా మొరటు. స్త్రీ బాగా రాస్తే, వెనక ఎవరో మగవాడు ఉన్నాడన్న గుసగుస ఇవాళ్టికీ వింటూనే ఉన్నాం. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. పందొమ్మిదో శతాబ్దంలో అచ్చయిన ప్రతిలో ఆమె తన వంశం చెప్పుకున్న పీఠిక భాగం లేదు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతితో పోల్చి చూసి పూర్తి పుస్తకం అచ్చు వేయించింది కాబట్టి ఆ గొంతు ఎవరిదో మనకు తెలిసింది. మరుసటి ఏడాదికల్లా ప్రభుత్వం నిషేధించింది, 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. కర్తృత్వం అంటే తీరికవేళ పండితుల కాలక్షేపం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పీఠిక చించేస్తే మనిషి మాయమైపోతుంది.

సరే, లెక్కపెట్టి తేల్చిన చోట ఎలా తేల్చారు? అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787-88లో ‘పబ్లియస్’ అనే మారుపేరుతో 85 వ్యాసాలు వచ్చాయి. వాటిలో 12 తనవని హామిల్టన్ వైపువాళ్లు, కాదు తనవని మాడిసన్ వైపువాళ్లు. మోస్టెల్లర్ అనే గణాంకవేత్త 1941లో వాక్యాల సగటు పొడవు లెక్కించాడు. ఒకాయనకి 34.55 మాటలు, ఇంకొకాయనకి 34.59. పని దండగ! అయినా ఆ దండగనీ ఆయన దాచుకోలేదు, చెప్పుకున్నాడు. తర్వాత వాలెస్‌తో కలిసి వేరే దారి పట్టాడు. పెద్ద పెద్ద మాటలు కాదు, ఎవరూ పట్టించుకోని చిల్లర మాటలు లెక్కపెట్టారు. హామిల్టన్ ‘అపాన్’ అనే మాటని వెయ్యి మాటలకి మూడుసార్లు వాడతాడు. మాడిసన్ పదివేల మాటలకి రెండు మూడుసార్లు. ఒకాయన ‘వైల్’ అంటాడు, ఇంకొకాయన ‘వైల్‌స్ట్’ అంటాడు. 1964లో పుస్తకం వచ్చింది: పన్నెండూ మాడిసన్‌వే. మనిషి తన శైలిని చూపించాలనుకున్న చోట కాక, చూసుకోని చోట దొరికిపోతాడు.

ఇది తెలుగుకి యథాతథంగా పనికిరాదు, ఆ మాట ముందే చెప్పాలి. మన భాషలో చిల్లర మాటలు విడిగా నిలబడవు, ప్రత్యయాలై అతుక్కుంటాయి. సంధి మాటల హద్దులు చెరిపేస్తుంది. యతి, ప్రాస కవి చేత అతను కోరని మాట వాడిస్తాయి. కాబట్టి ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్‌లో పోతనని పోసి మీట నొక్కితే వచ్చేది చెత్త. కానీ మనకి ఇంగ్లీషుకి లేని కొలతలున్నాయి. ఏ కవి ఏ రకం యతి ఎంత తరచుగా వాడతాడు? కందం ఎక్కువా, సీసం ఎక్కువా? పాదం చివర వాక్యం ముగిస్తాడా, తర్వాతి పాదంలోకి తోస్తాడా? పద్యం నింపడానికి వేసే ఊత మాటలు ఏవి? పద్యాలకీ వచనానికీ నిష్పత్తి ఎంత? ఇవన్నీ మన లాక్షణికులు పేర్లు పెట్టి విభజించి ఉంచినవే. మనం లెక్కపెట్టడమే తరువాయి.

పరీక్ష పెట్టడానికి పొలమూ సిద్ధంగానే ఉంది. అరణ్యపర్వంలో నన్నయ ఆగిన చోటు తెలుసు, శరత్కాల వర్ణన దగ్గర. అక్కడి నుంచి ఎర్రన అందుకున్నాడు. పైగా రాజరాజనరేంద్రుడికే అంకితమిస్తూ, నన్నయ రచనలాగే ఉండేటట్టు రాశాడు. అంటే ఒక మహాకవి, ఇంకో మహాకవిని తెలిసి తెలిసి అనుకరించిన చోటు! నన్నయ ధోరణిలో మొదలుపెట్టి తిక్కన ధోరణిలోకి జారాడని సాహిత్య చరిత్రల్లో చదివాం. ఎక్కడ జారాడు, ఎంత జారాడు అన్న అంకె పక్కన ఉన్న పాఠ్యపుస్తకం నా చేతికి రాలేదు. మన కొలబద్ద ఆ అతుకుని పట్టుకోగలిగితే అప్పుడు క్రీడాభిరామం దగ్గరికి వెళ్లొచ్చు. పట్టుకోలేకపోతే కొలబద్ద పనికిరాదని తెలుస్తుంది. భాగవతంలో గంగన పంచమ స్కంధం, సింగన షష్ఠం, నారయ ఏకాదశ ద్వాదశాలు కూడా ఇలాంటివే. జవాబు తెలిసిన లెక్క చేయలేనివాడు జవాబు తెలియని లెక్క చేశానంటే ఎందుకు నమ్మాలి?

అంకెలంటే నాకు మూఢభక్తి ఉందనుకునేరు. ‘డబ్ల్యూ. ఎస్.’ అనే పొడి అక్షరాలతో 1612లో అచ్చయిన ఒక స్మృతిగీతం షేక్‌స్పియర్‌దని డొనాల్డ్ ఫాస్టర్ అనే ప్రొఫెసర్ కంప్యూటర్ లెక్కలతో వాదించాడు. 1990ల్లో పత్రికలు మోసేశాయి, పెద్ద సంకలనాల్లో చేర్చేశారు. తర్వాత ఇతర పండితులు అది జాన్ ఫోర్డ్‌దని చూపించారు. 2002లో ఫాస్టర్ తన వాదన తప్పని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఫిషర్ కూడా దేవుడేం కాదు. పొగతాగడం వల్లే ఊపిరితిత్తుల కేన్సర్ వస్తుందన్న వాదనని 1950ల్లో మొండిగా కాదన్నాడు. ఆయనది తప్పని చూపించినవాళ్లూ సాక్ష్యాలు లెక్కపెట్టే చూపించారు. ఎవరి పెద్దరికం మీదా ఆధారపడనిదే పద్ధతి అవుతుంది. మన దగ్గర వాదన ఓడిపోవడం అంటే మనిషి ఓడిపోవడం, గురువుగారి పరువు పోవడం, ప్రాంతం పరువు పోవడం. అందుకే ఎవరి వాదనా ఓడిపోయే వీలు లేకుండా జాగ్రత్త పడతాం.

‘కవిత్వాన్ని తక్కెట్లో వేస్తారా? రసం మాటేమిటి?’ అని అడిగే పెద్దలకి నా జవాబు ఒకటే. రసాన్ని ఎవరూ తూచడం లేదు. క్రీడాభిరామం ఎవరు రాసినా ఆ ఓరుగల్లు అంతే అందంగా ఉంటుంది. ‘ఎవరు రాశారు’ అన్నది రసప్రశ్న కాదు, సంఘటన గురించిన ప్రశ్న. ఒక రోజు ఒక మనిషి గంటం పట్టుకున్నాడా లేదా అన్నది రుచితో తేలదు. రుచితో తేల్చబోవడమే మన జబ్బు.

అటు సైన్సు భవనంలో కూర్చుని ముసిముసిగా నవ్వుకునేవాళ్లకీ ఒక మాట. సాహిత్యం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందీ ఉంది: మాట ఎక్కడ పుట్టింది, ఏ నోటి నుంచి ఏ నోటికి మారింది అని వెంటపడే ఓపిక. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల నోట మాటలు సేకరింపజేసి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయం మీద. వేసింది ఏ వ్యవసాయ శాఖో కాదు, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ! నాగలి భాగాల పేర్లు ఏ సీమలో ఎలా మారతాయో చూసి తెలుగు నేలని నాలుగు భాషా మండలాలుగా విడగొట్టారు. ఒక్క పుస్తకంలో భాషాశాస్త్రం, వ్యవసాయం, క్షేత్ర పరిశోధన మూడూ ఉన్నాయి. ఏ బ్యానరూ కట్టకుండానే. పురుగుమందు డబ్బా మీద రైతుకి అర్థంకాని తెలుగు రాయించేవాళ్లు ఆ పుస్తకం ఒక్కసారి తిరగేసినా ఎంతో మేలు.

బియ్యం బస్తా దగ్గరా ఇదే తగాదా. సాంబ మసూరి వేరు, సోనా మసూరి వేరు. బస్తా మీద అచ్చు వేసిన పేరూ, లోపలి గింజా ఒకటేనా అన్నది అచ్చంగా కర్తృత్వ వివాదమే. బాస్మతిలో కల్తీ ఉందా అని డీఎన్ఏ చూసి తేల్చే పరీక్ష హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీలో చేశారు. గింజ ఏ తల్లి బిడ్డో చెప్పగలిగిన ఊళ్లో, పద్యం ఏ తల్లి బిడ్డో అడిగితే మాత్రం పరీక్ష పేపర్లో ‘చర్చించండి’ అంటాం.

మరి ఈ శ్రమంతా తీసుకోవడానికి ఎవరికి అవసరం? పీహెచ్‌డీకి ముందు పత్రికలో వ్యాసం ఉండాలని యూజీసీ షరతు పెట్టింది, 2022లో ఎత్తేసింది. పెట్టినా, ఎత్తేసినా చూసేది కాగితాల్నే. అందుకే ‘ఫలానా వారి నవలలు - ఒక పరిశీలన’ అన్న శీర్షికలో ‘ఫలానా’ మాత్రం మారుస్తూ థీసిస్‌లు వస్తుంటాయి. డబ్బిచ్చి రాయించుకున్న థీసిస్‌ల గురించి అందరం నవ్వుతూనే చెప్పుకుంటాం. కర్తృత్వ పరిశోధన అక్కర్లేదనే చోట ఆ మొదటి ప్రశ్న, అంటే ఇది ఎవరు రాశారన్న ప్రశ్న, థీసిస్‌కే తగులుతోంది!

చెయ్యాల్సినవి కష్టమైనవేం కావు. ప్రాచీన కావ్యాల నమ్మదగిన పాఠాలు, పాఠాంతరాలతో సహా, కంప్యూటర్ చదవగలిగేలా అందరికీ అందుబాటులో పెట్టాలి. కర్తృత్వం మీద రాసే ప్రతి థీసిస్‌కీ తెలుగు గైడుతో పాటు గణాంకశాస్త్రం తెలిసిన రెండో గైడు ఉండాలి. లెక్కపెట్టిన పట్టికలు చివర జతచేయాలి, ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టుకునేలా. పోలిక దొరకని చోట్లు కూడా రాయాలి. అన్నిటికంటే ముందు, మొదటి పేజీలో కృతజ్ఞతల కన్నా పైన ఒక్క వాక్యం ఉండాలి: ‘ఫలానాది కనబడితే నా ఈ నిర్ణయం తప్పు.’ ఆ వాక్యం రాయలేని థీసిస్‌ని వ్యవసాయ విశ్వవిద్యాలయమైనా, తెలుగు విశ్వవిద్యాలయమైనా వెనక్కి పంపాలి.

ఇలా లెక్క తేలాక క్రీడాభిరామం శ్రీనాథుడిదే అని రావొచ్చు. వస్తే సంతోషంగా ఒప్పుకుందాం, వేటూరికి ఇంకోసారి దణ్ణం పెడదాం. తేలనే తేలదని కూడా రావొచ్చు. అదీ జవాబే. కానీ ఆ లెక్క వేసేదాకా, పుస్తకం మీద ఉన్న పేరు వినుకొండ వల్లభరాయుడు. బాగా రాయడం ఒక్కటే అతని మీద ఉన్న నేరమైతే, ఆ నేరానికి పుస్తకం లాక్కునే హక్కు మనకి లేదు.